లోటు తీరితే మేలు... మోతాదు మీరితే?

క్యాన్సర్ అని తెలియగానే ఇంట్లోకి మందుల కంటే ముందు విటమిన్ సీసాలు వచ్చేస్తాయి. రక్తపరీక్షలో ‘డి’ తక్కువ, ఐరన్ తక్కువ అని కనిపిస్తే ఆ సీసాల సంఖ్య రెట్టింపవుతుంది. ఇంతకీ ఆ అంకెలు ఎందుకు తగ్గుతాయి? మాత్రలు మింగి పెంచేస్తే రోగం తగ్గుతుందా? ఈ ప్రశ్నలకు జవాబు కోసం శాస్త్రవేత్తలు లక్షమందికి పైగా మనుషుల మీద ప్రయోగాలు చేశారు. వచ్చిన జవాబు చాలామంది ఊహించింది కాదు.

ఆ ఇంట్లో రిపోర్టు వచ్చి వారం రోజులైంది. పెద్దాయనకు పెద్దపేగు క్యాన్సర్. చూడటానికి వచ్చినవాళ్లెవరూ వట్టి చేతులతో రావట్లేదు. పిన్నిగారు డజను బత్తాయిలు తెచ్చారు. పక్కింటివాళ్లు గోధుమగడ్డి రసం మంచిదన్నారు. మేనల్లుడు అమెరికా నుంచి ‘యాంటీ ఆక్సిడెంట్’ సీసాలు నాలుగు పంపించాడు. ఒక్కోటీ అరచేతంత ఉంది. కూతురు మాత్రం రక్తపరీక్ష కాగితాలు ముందేసుకుని కూర్చుంది. హిమోగ్లోబిన్ 8.2. విటమిన్ డి 11. ఐరన్ తక్కువ. జింక్ తక్కువ. అన్నిటి పక్కనా కిందికి చూపే బాణం గుర్తులే.

వంటింట్లో ఉన్న ఇల్లాలికి ఆ బాణాలన్నీ తనకే గుచ్చుకున్నట్టుంది. ‘ముప్ఫై ఐదేళ్లుగా వండిపెడుతున్నాను. ఏం లోపం చేశాను? నా వంటవల్లే వచ్చిందా ఈ జబ్బు?’ ఆమె పైకి అనదు. లోపల మాత్రం అదే ప్రశ్న.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. క్యాన్సర్ వార్డు బయట బెంచీల మీద కూర్చున్న కుటుంబాల్లో చాలామంది మనసులో తిరిగే ప్రశ్నే ఇది. దానికి ఎలాగోలా ప్రాయశ్చిత్తం చేసుకోవాలన్న తాపత్రయంలోనే సీసాలు కొంటారు. ఆ తాపత్రయాన్ని తప్పు పట్టలేం. కానీ ఆ సీసాల్లో ఏముందో, ఎప్పుడు పనికొస్తుందో, ఎప్పుడు ఎదురు తిరుగుతుందో తెలుసుకోవాల్సిన అవసరం మాత్రం ఉంది.

ముందు జబ్బా... ముందు లోటా?

క్యాన్సర్ వచ్చినవాళ్ల రక్తంలో విటమిన్లు, ఖనిజాలు తక్కువగా ఉండటం మామూలే. అయితే చాలాసార్లు లోటువల్ల జబ్బు రాలేదు, జబ్బువల్ల లోటు వచ్చింది. అదెలాగంటే...

మొదటిది ఆకలి. కణితి పెరుగుతున్నప్పుడు శరీరంలో విడుదలయ్యే కొన్ని రసాయనాలు ఆకలిని చంపేస్తాయి. రోజూ మూడుసార్లు తినే మనిషి రెండు ముద్దలకే ‘చాలు’ అంటాడు. ఇక కీమోథెరపీ మొదలైతే నోట్లో పుండ్లు, వికారం, ఏం తిన్నా ఇనుము నాకినట్టుండే రుచి. తిండి సగమైతే తిండితో వచ్చేవీ సగమవుతాయి.

రెండోది నష్టం. పెద్దపేగులో, జీర్ణాశయంలో కణితి ఉంటే కంటికి కనిపించనంత తక్కువగా, రోజూ కాస్త కాస్త రక్తం పోతూనే ఉంటుంది. రక్తంతోపాటే ఐరనూ పోతుంది. ఈ కథలోని పెద్దాయన ఆర్నెల్లుగా నీరసమంటూ బలం మాత్రలు, ఐరన్ టానిక్ తాగుతూనే ఉన్నాడు. తాగినన్నాళ్లూ కాస్త ఓపిక వచ్చేది, మానగానే మళ్లీ మొదలు. రక్తం ఎందుకు తగ్గుతోందని ఎవరూ అడగలేదు. ఇది ప్రతి కుటుంబమూ గుర్తుంచుకోవాల్సిన సంగతి. యాభై దాటిన మగవారిలో, ముట్లుడిగిన ఆడవారిలో కారణం తెలియకుండా ఐరన్ తగ్గితే టానిక్‌తో సరిపెట్టకూడదు. రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి. లోటును పూడ్చడం కంటే ఆ లోటు ఏం చెబుతోందో వినడం ముఖ్యమయ్యే సందర్భం ఇది.

మూడోది ఒంటబట్టకపోవడం. జీర్ణాశయం మొత్తం తీసేస్తే బి12 ఒంటికి పట్టే మార్గమే మూసుకుపోతుంది. ఎందుకంటే ఆ విటమిన్‌ను పేగులు పీల్చుకోవాలంటే జీర్ణాశయం గోడల్లో తయారయ్యే ఓ ప్రొటీన్ తోడు కావాలి. కాలేయంలో ఉన్న పాత నిల్వ కొన్నేళ్లపాటు ఆదుకుంటుంది కాబట్టి ఆ సంగతి వెంటనే తెలియదు. ఆపరేషనైన రెండు మూడేళ్లకు కాళ్లు తిమ్మిర్లెక్కడం, మతిమరుపు మొదలవుతాయి. క్లోమం దెబ్బతింటే కొవ్వు అరగదు. కొవ్వుతో కలిసి లోపలికి వెళ్లాల్సిన ఎ, డి, ఇ, కె విటమిన్లూ బయటికే పోతాయి. పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చినవారికి ఆపరేషన్‌కు ముందు విటమిన్ కె ఇంజెక్షన్ ఇవ్వడానికి కారణం ఇదే. కె లేకపోతే రక్తం గడ్డకట్టదు.

నాలుగోది మందు ప్రభావం. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు పడితే మూత్రపిండాలు మెగ్నీషియాన్ని పట్టి ఉంచలేవు, మూత్రంలోకి వదిలేస్తాయి. సెటుక్సిమాబ్ అనే మందుతోనూ అంతే. పిక్కలు పట్టేయడం, విపరీతమైన నిస్సత్తువ, గుండె లయ తప్పడం దాని లక్షణాలు. అందుకే ఈ మందులు వాడేవారికి డాక్టర్లు మెగ్నీషియం పరీక్షలు మళ్లీ మళ్లీ రాస్తారు.

ఈ నాలుగింటిలో ఎక్కడా ఇల్లాలి వంట ప్రస్తావన లేదు.

రక్తం అన్నిసార్లూ నిజమే చెప్పదు

ఇంకో చిక్కుంది. కాగితం మీది అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన ఒంట్లో ఆ పదార్థం లేదని కాదు. కణితివల్లో, ఇన్‌ఫెక్షన్‌వల్లో, ఆపరేషన్‌వల్లో శరీరంలో వాపు ప్రక్రియ మొదలైతే కాలేయం తన ప్రాధాన్యాలు మార్చేసుకుంటుంది. రక్తంలో తిరిగే జింక్‌ను లోపలికి లాగేసుకుంటుంది. విటమిన్ ‘ఎ’ని మోసుకెళ్లే ప్రొటీన్ తయారీ తగ్గిస్తుంది. సెలీనియం, విటమిన్ సి, డి స్థాయులూ పడిపోతాయి. సరుకు గోదాములోకి చేరితే దుకాణంలో అర ఖాళీగా కనిపించినట్టన్నమాట. అందుకే సీఆర్‌పీ అనే వాపు పరీక్ష కూడా చేసి, రెండూ కలిపి చూస్తేగానీ అది అసలైన లోటో కాదో తేలదు.

ఐరన్ సంగతి మరీ విచిత్రం. వాపు ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. అది ఐరన్ నిల్వలకు తాళం వేసేస్తుంది, పేగులోంచి కొత్త ఐరన్ రాకుండా అడ్డుకుంటుంది. నిల్వలను చూపించే ఫెరిటిన్ అంకె బాగానే ఉంటుంది. రక్తం మాత్రం తయారవదు. ఇలాంటి వారికి మాత్రలు ఎన్ని మింగినా పని చేయకపోవచ్చు. ఐరన్ ఇంజెక్షన్ కావాలా, రక్తం ఎక్కించాలా అన్నది డాక్టరే తేల్చాలి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ బి12. మాత్రలేవీ వాడకుండానే కొందరిలో ఇది ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువగా కనిపిస్తుంది. ‘ఎక్కువుంటే మంచిదేగా’ అనుకుంటారు. కానీ కాలేయ వ్యాధుల్లోనూ, కొన్ని రకాల రక్త క్యాన్సర్లలోనూ బి12 దానంతటదే పెరుగుతుంది. బి12 ఎక్కువగా ఉన్నవారిలో ఆ తర్వాత ఏడాదిలోపు క్యాన్సర్ బయటపడటం ఎక్కువని డెన్మార్క్ పరిశోధకులు 2013లో గుర్తించారు. విటమిన్ జబ్బు తెచ్చిందని కాదు దానర్థం. లోపల దాగిన జబ్బే విటమిన్ అంకెను పెంచింది.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

విటమిన్‌కూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం ఎంత చిత్రమైందో ప్రపంచానికి మొదట చూపించిన కథలో మన తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే గ్రహణి వ్యాధికి బలయ్యారు. తిన్నది ఒంటబట్టకుండా మనిషిని కరిగించేసే జబ్బు అది. అమెరికా వెళ్లాక, లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం 1940ల మధ్యలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందైంది.

అదే సమయంలో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ లుకేమియా పిల్లలను చూస్తున్నాడు. అప్పటికి ఆ జబ్బుకు మందు లేదు. వారాల్లో, నెలల్లో ప్రాణం పోయేది. రక్తం తయారీకి ఫోలిక్ ఆమ్లం మంచిది కదా అని ఆ కోవకు చెందిన పదార్థాలను కొందరు పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. విటమిన్ పిల్లాడికి కాదు, క్యాన్సర్ కణాలకు బలమైందన్నమాట!

మరొకరైతే అక్కడితో వదిలేసేవారే. ఫార్బర్ మాత్రం తిరగేసి ఆలోచించాడు. ఫోలిక్ ఆమ్లం ఆ కణాలకు తిండి అయితే, దాన్ని అందకుండా చేస్తే? ఫోలిక్ ఆమ్లంలాగే కనిపిస్తూ కణాన్ని మోసగించే ‘వ్యతిరేక విటమిన్లు’ సుబ్బారావు బృందం దగ్గర తయారవుతున్నాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే పదిమందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏళ్లకే కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తమ్ముడులాంటి మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ముఖ్యమైన మందు.

ఈ కథ చెప్పే నీతి ఒక్కటే. విటమిన్‌కు మన పర భేదం లేదు. మంచి కణానికెంత అవసరమో, వేగంగా పెరిగే క్యాన్సర్ కణానికీ అంతే అవసరం. మెథోట్రెక్సేట్ వాడుతున్న వ్యక్తి సొంతంగా ఫోలిక్ ఆమ్లం మాత్రలు వేసుకుంటే మందు పనికే అడ్డు తగలొచ్చు. మరోవైపు, పెమెట్రెక్సెడ్ అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు ఇచ్చేటప్పుడు దుష్ప్రభావాలు తగ్గడానికి ఫోలిక్ ఆమ్లం, బి12 డాక్టర్లే తప్పనిసరిగా ఇస్తారు. అదే విటమిన్, ఒకచోట వద్దు, ఇంకోచోట ముద్దు!

ఫిన్లాండ్ నేర్పిన పాఠం

కూరగాయలు, పండ్లు బాగా తినేవారిలో క్యాన్సర్ తక్కువని 1980ల నాటికే చాలా పరిశీలనల్లో తేలింది. వారి రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉండేది. క్యారెట్‌కు ఆ రంగునిచ్చే పదార్థం ఇదే, ఒంట్లో విటమిన్ ‘ఎ’గా మారుతుంది. అయితే దాన్నే మాత్రగా ఇస్తే సరిపోదా అనుకున్నారు.

ఫిన్లాండ్‌లో 1985లో ప్రయోగం మొదలైంది. సిగరెట్లు తాగే మగవాళ్లు 29,133 మంది. కొందరికి బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు. 1994లో ఫలితాలు చూసి అందరూ నిర్ఘాంతపోయారు. బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా 18 శాతం పెరిగింది!

పొరపాటేమో అనుకోవడానికీ వీల్లేకపోయింది. అమెరికాలో 18 వేలమందికి పైగా పొగరాయుళ్లు, ఆస్‌బెస్టాస్ కార్మికుల మీద బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి ఇస్తూ సాగుతున్న మరో ప్రయోగంలోనూ అదే జరిగింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం పెరిగాయి. 1996 జనవరిలో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు.

ఆ తర్వాత వంతు సెలీనియానిది. 1996లో వచ్చిన ఓ అమెరికా అధ్యయనం సెలీనియం మాత్రలు వేసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ బాగా తక్కువని చెప్పింది. దాన్ని నిర్ధారించుకోవడానికి 35,533 మంది మగవాళ్లతో 2001లో ‘సెలెక్ట్’ ప్రయోగం మొదలైంది. సెలీనియంవల్ల ప్రయోజనం లేదని 2008లో మాత్రలు ఆపించారు. 2011 నాటికి ఇంకో సంగతి బయటపడింది. విటమిన్ ఇ వేసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ!

ఇక విటమిన్ డి. క్యాన్సర్ ఉన్నవారిలో ఇది తక్కువని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. కానీ జబ్బుపడ్డవారు ఎండలోకి వెళ్లేదే తక్కువ. అలాగని ఆరోగ్యంగా ఉన్నవారిలో లోటు లేదా అంటే, ఏడాది పొడవునా ఎండకాసే మన దేశంలోనూ డి లోటున్నవారు కోకొల్లలు. అందుకే అమెరికాలో 25,871 మందికి ‘వైటల్’ పేరుతో ప్రయోగం చేశారు. రోజూ 2000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చినా కొత్తగా క్యాన్సర్ రావడం తగ్గలేదని 2018లో తేలింది. ఎముకల బలానికి డి కావాలి, అందులో సందేహం లేదు. క్యాన్సర్‌కు కవచం మాత్రం కాలేకపోయింది.

రెండు నోబెల్ బహుమతులు అందుకున్న లైనస్ పాలింగ్ అంతటివాడే విటమిన్ సి విషయంలో గట్టి నమ్మకం పెట్టుకున్నాడు. స్కాట్లాండ్ డాక్టర్ ఇవాన్ కామెరాన్‌తో కలిసి, రోజుకు 10 గ్రాముల విటమిన్ సి ఇస్తే చివరిదశ రోగులు ఎక్కువకాలం బతికారని 1976లో ప్రకటించాడు. అయితే వారిని పోల్చింది పాత రికార్డుల్లోని రోగులతో. మేయో క్లినిక్ డాక్టర్లు పద్ధతి ప్రకారం రెండుసార్లు పరీక్షించి, ఆ మాత్రలవల్ల ప్రయోజనం లేదని 1979లోనూ 1985లోనూ తేల్చారు.

లోటున్న చోట లెక్క వేరు

అలాగని విటమిన్లన్నీ దండగ అనుకుంటే అదీ తప్పే. చైనాలోని లిన్‌షియాన్ ప్రాంతంలో అన్నవాహిక, జీర్ణాశయ క్యాన్సర్లు చాలా ఎక్కువ. అక్కడి ప్రజల తిండిలో పోషకాలు అంతే తక్కువ. దాదాపు 30 వేలమందికి అయిదేళ్లకు పైగా రకరకాల పోషకాలు కలిపి ఇచ్చారు. బీటా కెరోటిన్, విటమిన్ ఇ, సెలీనియం కలిపి తీసుకున్నవారిలో క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయని 1993లో వెల్లడైంది.

మన శ్రీకాకుళం జిల్లాలోనూ ఇలాంటి ప్రయత్నమే జరిగింది. చుట్ట వెలుగుతున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు అక్కడి పల్లె ఆడవాళ్లలో ఎక్కువ. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద మచ్చలు, పుండ్లు లేస్తాయి. కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇలాంటి సుమారు 300 మందిని ఎంచుకుని, సగంమందికి ఏడాదిపాటు విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం ఇచ్చారు. వారిలో సగానికి పైగా మందికి మచ్చలు మాయమయ్యాయి. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారిలో మాయమైంది బహు కొద్దిమందికే. 1995లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

అయితే ఇక్కడా ఓ మెలిక ఉంది. కేరళలో తాంబూలం, పొగాకు నమిలేవారి నోటి మచ్చలకు విటమిన్ ఎ ఇచ్చి చూసినప్పుడు సగంమందికి తగ్గాయి. మందు ఆపాక వారిలో మూడింట రెండు వంతుల మందికి మచ్చలు తిరిగొచ్చాయి. మచ్చ మీద విటమిన్ పని చేసినా, పొగాకు మానడానికి అది ప్రత్యామ్నాయం కాదు.

ఫిన్లాండ్‌నూ లిన్‌షియాన్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. అడుగంటిన చెరువుకు నీళ్లు పడితే ఊరు బతుకుతుంది. నిండిన చెరువుకు అవే నీళ్లు పడితే గట్టు తెగుతుంది.

చికిత్స మధ్యలో ఆ సీసాలు...

మరి అమెరికా నుంచి వచ్చిన ఆ నాలుగు సీసాల సంగతేంటి? రేడియేషన్, కొన్ని రకాల కీమో మందులు క్యాన్సర్ కణాన్ని చంపే మార్గాల్లో ఒకటి, దాని మీదికి ఫ్రీ రాడికల్స్‌ను వదలడం. యాంటీ ఆక్సిడెంట్ మాత్రల పని ఆ రాడికల్స్‌ను ఆర్పేయడం. మంట పెట్టేవాళ్లు ఒకవైపు, నీళ్లు చల్లేవాళ్లు మరోవైపు!

కెనడాలోని క్యుబెక్‌లో తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకుంటున్న 540 మందిలో కొందరికి విటమిన్ ఇ, బీటా కెరోటిన్ ఇచ్చి చూశారు. 2005లో ఫలితాలు వచ్చాయి. రేడియేషన్ బాధలు కాస్త తగ్గాయి. జబ్బు తిరగబెట్టే ధోరణి మాత్రం పెరిగింది. మాత్రలు వాడినంత కాలం కొత్తగా రెండో క్యాన్సర్ రావడమూ ఎక్కువైంది. కీమో తర్వాత జుట్టు రావాలని వేసుకునే బయోటిన్‌కూ ఓ గుణముంది. థైరాయిడ్, గుండె జబ్బుకు చేసే ట్రోపోనిన్ లాంటి రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేయగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. జింక్ ఎక్కువకాలం ఎక్కువ మోతాదులో వాడితే రాగి లోటు వచ్చి, రక్తం ఇంకా తగ్గుతుంది.

వీటన్నిటినీ చూశాకే యూరప్ వైద్య పోషకాహార సంఘం ఎస్పెన్ తన మార్గదర్శకాల్లో ఓ గీత గీసింది. రోజువారీ అవసరం మేరకు విటమిన్లు, ఖనిజాలు అందేలా చూడాలి. ఫలానాది లోటు అని తేలితే తప్ప భారీ మోతాదులు వద్దు. క్యాన్సర్ రాకుండా ఉండటానికి మాత్రల మీద ఆధారపడవద్దని వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ కూడా చెబుతోంది.

విటమినే మందయ్యే సందర్భాలూ లేకపోలేదు. ఏపీఎల్ అనే ఒక రకం రక్త క్యాన్సర్‌కు విటమిన్ ఎ నుంచి వచ్చే ‘ఆట్రా’ మందు ప్రాణదాత. 1980ల్లో షాంఘై డాక్టర్లు దీన్ని వెలుగులోకి తెచ్చారు. ఎదగకుండా ఆగిపోయిన క్యాన్సర్ కణాలను అది ఎదిగేలా చేస్తుంది. ఎదిగిన కణం తన ఆయుష్షు తీరాక తానే పోతుంది. అయితే అది డాక్టర్ లెక్కకట్టి ఇచ్చే మందు. దుకాణంలో దొరికే విటమిన్ ఎ మాత్రలతో ఆ పని జరగదు. కాలేయం దెబ్బతింటుంది.

పళ్లెంలో ఏముండాలి?

చికిత్స తీసుకుంటున్న మనిషికి అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఏదో ఒక విటమిన్ తగ్గడం కాదు, బరువు తగ్గడం. కిలో శరీర బరువుకు రోజుకు 25 నుంచి 30 క్యాలరీలు, కనీసం ఒక గ్రాము, వీలైతే ఒకటిన్నర గ్రాముల ప్రొటీన్ అందాలన్నది ఎస్పెన్ లెక్క. అంటే 60 కిలోల మనిషికి 1500 నుంచి 1800 క్యాలరీలు, 60 నుంచి 90 గ్రాముల ప్రొటీన్. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములుంటుంది. గ్లాసు పాలలోనూ దాదాపు అంతే. పప్పు, పెరుగు, చేప, కోడిమాంసం, సెనగలు, వేరుసెనగ పప్పులతో మిగతాది నింపుకోవాలి.

అలా తింటే విటమిన్లు వెంటే వస్తాయి. వంద గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. పెద్దవారి రోజు అవసరానికి అది రెండింతలకు పైనే. ఉసిరికాయలో ఇంకా ఎక్కువ. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు, మునగాకులో 300కు పైగా మిల్లీగ్రాముల క్యాల్షియం దొరుకుతుంది. తోటకూర, పాలకూర, గోంగూరల్లో ఫోలేట్. నువ్వులు, పప్పుదినుసుల్లో మెగ్నీషియం. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే అందులోని ఐరన్ మరింతగా ఒంటబడుతుంది. భోజనం చేయగానే టీ తాగితే ఆ మేలు పోతుంది.

నోరు పూసినప్పుడు కారం, పులుపు పక్కనపెట్టి మెత్తటి పెరుగన్నం, పెసరపప్పు పులగం, చల్లార్చిన రాగిజావ పెట్టాలి. వికారంగా ఉంటే మూడుపూటల భోజనాన్ని ఆరు చిన్న పూటలు చేయాలి. పోపు వాసన పడకపోతే వంటయ్యేదాకా వేరే గదిలో కూర్చోబెట్టాలి. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో పండ్లు బాగా కడిగి, తొక్క తీసి ఇవ్వాలి. గుడ్డు, మాంసం పూర్తిగా ఉడకాలి. బయటి జ్యూసులు, కోసి ఉంచిన పండ్లు వద్దు. చక్కెర జబ్బు, మూత్రపిండాల సమస్య ఉన్నవారికి ఈ లెక్కలు మారతాయి కాబట్టి డైటీషియన్ సలహా తప్పనిసరి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు...

* ఇంట్లో ఉన్న సీసాలన్నీ ఓ సంచిలో వేసుకెళ్లి చూపించండి. ఆకుపసర్లు, పొడులు, టానిక్కులు కూడా. ‘ఇవి మందులు కాదుగా’ అని దాచొద్దు.

* ‘ఈ అంకె నిజమైన లోటా, వాపువల్ల తగ్గి కనిపిస్తోందా?’ అని అడగండి.

* సిస్‌ప్లాటిన్‌లాంటి మందు పడుతుంటే మెగ్నీషియం, పొటాషియం పరీక్ష ఎప్పుడెప్పుడో తెలుసుకోండి.

* జీర్ణాశయం తీసేసి ఉంటే బి12 ఇంజెక్షన్ల తేదీలు క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. బాగానే ఉందని మానేయొద్దు.

* ఎముకలకు జొలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్ ఇంజెక్షన్లు ఇచ్చేముందు క్యాల్షియం, విటమిన్ డి చూశారో లేదో అడగండి. వీటివల్ల రక్తంలో క్యాల్షియం పడిపోవచ్చు.

* కొన్ని క్యాన్సర్లలో రక్తంలో క్యాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అలాంటప్పుడు సొంతంగా క్యాల్షియం, డి మాత్రలు వేస్తే మరింత ముప్పు.

* బరువు వారానికోసారి చూసి రాసుకోండి. తగ్గుతుంటే ఆగకుండా చెప్పండి.

చివరికి ఆ నాలుగు సీసాలూ సంచిలో వేసుకుని కూతురు డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ఆయన మూడు పక్కన పెట్టమన్నాడు. నాలుగోది మామూలు మోతాదు మల్టీ విటమిన్. తిండి సరిగ్గా తినలేని రోజుల్లో వేయొచ్చన్నాడు. ఐరన్ ఇంజెక్షన్ రాశాడు. విటమిన్ డి లోటు తీరడానికి ఎన్ని వారాలు వాడాలో, ఎప్పుడు ఆపాలో చెప్పాడు. తలుపు దగ్గర నిలబడిన ఇల్లాలు అడగాలా వద్దా అన్నట్టు అడిగింది... ‘నేను పెట్టిన తిండివల్లేనా డాక్టరుగారూ?’ అని.

‘కాదమ్మా. ఆయన ఇప్పుడు చికిత్స తట్టుకోగలిగేంత బలంగా ఉన్నాడంటే మీరు పెట్టిన తిండివల్లే’ అన్నాడాయన.

ఆ మధ్యాహ్నం ఆమె చాలా రోజుల తర్వాత మునగాకు పప్పు వండింది. పెద్దాయన నాలుగు ముద్దలు ఎక్కువే తిన్నాడు.